ముసుగులోంచి చూసిన కెప్టెన్

కెప్టెన్ కిషన్ రావు గారి సంస్మరణ సంచిక వేస్తున్నాం, మీరు ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశారు కదా, నాలుగు మంచి ముక్కలు రాసివ్వండి అని హనుమకొండ నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి అడిగారు. చాయ్ తాగుతూ ‘మంచి’ అన్న మాటను ఒక్కొక్కరు రెండేసి సార్లు అన్నారు. సరే అన్నాను. రాస్తున్నాను. మంచివో కాదో చదువుకొని వాళ్ళే తేల్చుకోవాలి. అచ్చు వేస్తే వేస్తారు, లేకుంటే పొయ్యిలో పెట్టుకుంటారు, నాకేం ఫికర్ లేదు.

ముందు ఆ కెప్టెన్ అన్న మాట తీసేద్దాం. ఆయనను ఏ సైన్యమూ, ఏ విమాన కంపెనీ కెప్టెన్‌ను చేయలేదు. తనే చేసుకున్నాడు. నర్సంపేట వైపు పాత దొరల ఇంట్లో పుట్టాడు. భూములు పోయాయి గానీ ఆ నడక పోలేదు. అరవై ఎనిమిదిలో హైదరాబాదులో విమానం నేర్చుకొని వచ్చాడు. తరువాత ఖమ్మం రోడ్డు మీది పాత ఎయిర్‌డ్రోములో ఫ్లయింగ్ క్లబ్బు పెట్టినప్పుడు, ఊళ్ళో లైసెన్సున్నవాడు ఆయనొక్కడే గనుక గురువై కూర్చున్నాడు. నడివేసవిలో తోలు జాకెట్ వేసుకొని స్కూటర్ మీద చౌరస్తాకు వచ్చేవాడు. ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్ళంతా లేచి నిలబడితే తప్ప కూర్చునేవాడు కాదు.

“మబ్బులు కమ్ముకుంటే దిగుడు కష్టం కదా సారూ?” అని ఎవరైనా అడగాలి, అంతే.

“సూది ఉన్నది, నేనున్న. మబ్బేం జేస్తది?” అనేవాడు. అబ్బో, ఆ మాట అనేటప్పుడు ఆ మెడ చూడాలి!

ఆ సూది సంగతి చెప్పకపోతే ఈ మనిషి అర్థం కాడు. విమానం మబ్బులోకి పోతే నేల కనబడదు. ఏది పైనో ఏది కిందో కూడా ఒంటికి తెలియదు. ఎదురుగా ఉన్న మీటర్లను తప్ప దేన్నీ నమ్మకూడదు. రన్‌వే చివర ఒక షెడ్డులో బీకన్ ఉంటుంది. అంటే, ఒకే కూతను ఆపకుండా గాలిలోకి పంపే రేడియో యంత్రం. విమానంలో ఉండే సూది ఆ కూత ఎటు నుంచి వస్తే అటు చూపిస్తుంది. బీకన్ దాటగానే గిర్రున వెనక్కి తిరుగుతుంది. అక్కడి నుంచి గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు అవతలికి పోయి, మలుపు తిరిగి, సూదిని ముక్కుకు సూటిగా పెట్టుకొని, లెక్క ప్రకారం దిగుతూ రావాలి. ఆరు వందల అడుగుల దగ్గర కూడా రన్‌వే కనబడకపోతే దిగాలన్న ఆశ చంపుకొని పైకి పోవాలి. దీన్నే ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ అంటారు. నేర్చుకునే రోజుల్లో ప్రతిరోజూ మబ్బు దొరకదు గనుక, నేర్చుకునేవాళ్ళ ముందు అద్దానికి ముసుగు కడతారు. పక్కన గురువు బయటికి చూస్తూ కూర్చుంటాడు.

ఆ బీకన్ నడిపినవాణ్ణి నేను. పేరు యాదగిరి. డెబ్బై నాలుగు దాకా స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసుకునేవాణ్ణి. క్లబ్బుకు బీకన్, దాంతోపాటు నాలుగు సీట్ల విమానం వచ్చినప్పుడు నన్ను పిలిచి పని ఇచ్చారు. బీకన్ చూసుకోవాలి, విమానంతో రేడియోలో మాట్లాడాలి.

హైదరాబాదు నుంచి వచ్చిన ముసుగు ఏడాది తిరగకుండా చిరిగింది. కిషన్ రావు కొత్తవాడకు పోయి, జంపఖానాలు నేసే వీరభద్రానికి కొత్త ముసుగు చెప్పి వచ్చాడు. నీలం చారలతో మందంగా, మంచి ముసుగు నేసి ఇచ్చాడాయన. ఆ రోజుల్లో నేనూ మెచ్చుకున్నాను.

డెబ్బై అయిదులో క్లబ్బు వార్షికోత్సవం చేశారు. షామియానా, మైకు, మిఠాయిలు, ముందు వరుసలో ఊరి సేట్లు. కిషన్ రావు ముసుగు కట్టుకొని, సూదిని మాత్రమే చూస్తూ విమానం దించి చూపిస్తాడని మైకులో చెప్పారు. ఆయన గాలిలోకి లేచిన అయిదో నిమిషాన కరెంటు పోయింది. జనరేటర్ తిప్పబోతే అందులో చుక్క డీజిల్ లేదు. ముందు రోజే కిషన్ రావు క్లబ్బు జీపులోకి పోయించుకున్నాడట. బీకన్ చచ్చిపోయింది. బ్యాటరీతో నడిచే రేడియోలో పిలిస్తే ఆయన పలకలేదు. షామియానా దగ్గరికి పరిగెత్తుదామంటే అర మైలు దూరం. షెడ్డు బయట నిలబడి చూశాను.

ఏముంది! విమానం నెక్కొండ వైపు నుంచి రైలు పట్టాల వెంబడి దర్జాగా వచ్చింది. రైసుమిల్లు పొగగొట్టం దగ్గర ఎడమకు తిరిగి, రన్‌వే నడిమధ్యన పువ్వు పెట్టినట్టు దిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన దిగి, ముసుగు చేత్తో ఊపుతూ మైకు దగ్గరికి పోయి, “సూది రాయి లెక్క నిలవడ్డది! జర కూడ కదల్లే!” అన్నాడు.

ఏ సూది? కూత లేని సూది దిక్కులేకుండా తిరుగుతుంది. ఈయన ముసుగులోంచి బయటికి చూస్తూ దించాడు, చూడకుండా దించానని ఊరందరి చెవుల్లో పువ్వులు పెట్టాడు. కరెంటు పోయిన సంగతి ఆయన చెవిలో చెప్పాను. నా భుజం తట్టి, “నీ నోరు మంచిది యాదగిరీ” అన్నాడు. నేనూ మంచివాణ్ణయ్యాను. ఇంట్లో ముగ్గురు పిల్లలు, చేతిలో దొరక్క దొరికిన ఉద్యోగం. నోరు మెదపలేదు.

ఆ తరువాత ఆయన పాఠాలు ఎలా చెప్తున్నాడో జాగ్రత్తగా విన్నాను, పాఠం చెప్పేటప్పుడు ఆయన రేడియో మైకు నొక్కే ఉంచేవాడు, ఇవతలి రేడియో నా దగ్గరే ఉంది కదా. ముసుగు కింద పిల్లవాడు కూర్చుంటాడు. ఈయన పక్కనుంచి బయటికి చూస్తూ, నెక్కొండ స్టేషన్ కనబడగానే “ఇగ దించు” అంటాడు. పొగగొట్టం కనబడగానే “ఎడమకు తిప్పు” అంటాడు. పిల్లవాడు తిప్పుతాడు. దిగాక సూది విద్య వచ్చేసిందనుకొని ఆయన కాళ్ళకు దండం పెడతాడు. పదేళ్ళు ఇదే బడి నడిచింది. వాళ్ళలో ఎక్కువమంది సరదాకు నేర్చుకున్న సేట్ల కొడుకులు గనుక, మబ్బుల జోలికి పోలేదు, బతికిపోయారు.

ఎనభై నాలుగు నవంబరులో శకుంతల వచ్చింది. ఆ ముసుగు నేసిన వీరభద్రం బిడ్డ. ఇరవై రెండేళ్ళు, బీఎస్సీ లెక్కలు. సర్కారు స్కాలర్‌షిప్ మీద కమర్షియల్ పైలట్ కావాలని వచ్చింది. వచ్చే ఆగస్టు ముప్పై ఒకటి దాకానే గడువు. ఆలోగా ఇన్‌స్ట్రుమెంట్ గంటలు పూర్తిచేసి, గురువు సంతకంతో కాగితం పంపితే హైదరాబాదు నుంచి పరీక్షాధికారి వస్తాడు. గడువు దాటితే స్కాలర్‌షిప్ రద్దు. సొంతంగా కట్టి నేర్చుకోవాలంటే ఆ ఇంటిని రెండుసార్లు అమ్మినా చాలదు. ఆ పిల్ల ముందున్నది ఆ ఒక్క తేదీ.

కిషన్ రావు ఆ పిల్లను చూసి ఇంత పొడుగున నవ్వాడు. “మగ్గం కాడ కూసునే చేతులమ్మా నీయి. విమానం ఏమన్న జంపఖాననా?” అన్నాడు. పక్కనున్న సేట్ల కొడుకులు ఇకిలించారు. ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. “నేర్పుండ్రి సార్, నేర్చుకుంట” అంది.

ఏప్రిల్‌లో ఒకరోజు దిగగానే ముసుగు పట్టుకొని నేరుగా నా షెడ్డుకు వచ్చింది. ముసుగును ఎండకేసి పట్టింది.

“యాదగిరన్నా, ఈడ జూడు. ఎడమ దిక్కు జానెడు జాగ పల్చగున్నది. పడుగు పోగులు సగం వదిలేసిండ్రు. మా బాపు చేతి నేత గిట్లుండదు.”

చూశాను. దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. కంటికి దగ్గరగా పెట్టుకుంటే అవతలి వేపచెట్టు ఆకులతో సహా కనబడింది. నాకు నవ్వూ వచ్చింది, అసహ్యమూ వచ్చింది.

ఇంటికి పోయి తండ్రిని అడిగిందట. “సారే చెప్పిండు బిడ్డా, గాలాడాలె, ఆ దిక్కు పల్చగ నెయ్యిమని. నాకేమెరుక?” అన్నాడట ఆయన. మరునాడు ముసుగు తెచ్చినప్పుడు ఆ జానెడు జాగా నూలుతో గట్టిగా నిండి ఉంది. ఆ రాత్రి తనే కూర్చొని నింపింది. కిషన్ రావు దాన్ని వేళ్ళతో తడిమి చూశాడు, ముఖం మాడ్చుకున్నాడు. ఏమని అడుగుతాడు? పల్చగా ఎందుకు లేదని అడగాలా?

ఇక అప్పటి నుంచి ఆ పిల్ల తనకు తానే గురువైంది. హైదరాబాదు నుంచి ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ పుస్తకం తెప్పించుకొని, నా షెడ్డులో కూర్చొని చదివేది. బీకన్ కూతను నా దగ్గర వంద సార్లు విని, చెవిలో పెట్టుకొని పోయేది. గాలిలో ఆయన “ఎడమకు తిప్పు” అంటే, “సూది ఇంక తిరగలే సార్” అని రెండు నిమిషాల లెక్క పూర్తిచేసి అప్పుడే తిప్పేది. ఆయన తిట్టేవాడు, తరువాత తిట్టడం మాని నిద్రపోయేవాడు. నేను షెడ్డు ముందు నిలబడి చూసేవాణ్ణి. ప్రతిసారీ విమానం సరిగ్గా నా నెత్తి మీదుగా పోయేది. ఆగస్టు వచ్చేసరికి కావలసిన ఇరవై గంటలు నిండాయి. సంతకం ఒక్కటే మిగిలింది.

సంతకం పెట్టమంటే ఆయన వంకలు పెట్టాడు. ఈ రోజు కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి. తనకు రానిది ఒక ఆడపిల్లకు వచ్చిందన్న కడుపుమంట, ఇంకేం కాదు.

ఆగస్టు పంతొమ్మిదిన విమానానికి రేడియో సామాను తేవడానికి కిషన్ రావు, శకుంతల ఆ విమానంలోనే హైదరాబాదు పోయారు. మధ్యాహ్నానికి ఇక్కడ ముసురు పట్టింది. మబ్బు చెట్ల మీద కూర్చుంది. తిరిగి వస్తూ జనగామ దాటుతుండగా రేడియోలో కలిశారు. వెనక్కి పొండి సార్, ఇక్కడ ఏమీ కనబడటం లేదన్నాను. “నా ఊరికి నన్నే రావద్దంటవా?” అన్నాడు. ఇంకో పావుగంటకు హైదరాబాదు కూడా మూసుకుపోయింది, వెనక్కి పోయే పెట్రోలూ లేదు. అప్పుడు ఆయనే నన్ను పిలిచాడు.

“యాదగిరీ, పట్టాలు ఎటున్నయో చెప్పు!”

“నాకు మీరు కనబడుతలేరు సార్, పట్టాలెట్ల చెప్పాలె? బీకన్ నడుస్తాంది, సూది జూడుండ్రి.”

“సూది గీది కాదు! మిల్లు పొగ కనబడుతలేదు! పొగ పెట్టుమను!”

పొగ పెట్టమంటాడేమిటి! మబ్బులో పొగ వెతికే మొనగాడు! నా పక్కన క్లబ్బు ప్రెసిడెంటు సాంబయ్య సేటు, ఇంకో పది మంది నిలబడి వింటున్నారు. విమానం చప్పుడు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, దిక్కు లేకుండా తిరుగుతోంది. ఆ చప్పుడులో వీరభద్రం బిడ్డ ఉంది. మైకు గట్టిగా పట్టుకున్నాను.

“కిషన్ రావు సారూ, ఇనుండ్రి. మీకు రాదు. మీకు రాదని నాకెరుక. చేతులు తీసి విమానం శకుంతలకియ్యుండ్రి.”

“ఎవలతోని మాట్లాడుతున్నవ్‌రా?” అని సాంబయ్య సేటు నా భుజం పట్టి లాగాడు. రేడియోలో శకుంతల గొంతు వినబడింది.

“అన్నా, ఆయన చేతులు తీసి రెండు నిమిషాలైంది. కండ్లు మూసుకొని కూసున్నడు. నువ్వు జర రేడియో ఖాళీగుంచు. నేను బీకన్ మీదికొస్తున్న.”

వచ్చింది. కనబడలేదు గానీ, చప్పుడు నా నెత్తి మీదుగా సూటిగా పోయింది. నేను గడియారం పట్టుకున్నాను. రెండు నిమిషాలు. మలుపు. చప్పుడు మళ్ళీ దగ్గరికి, కిందికి, ఇంకా కిందికి. ఇప్పుడు కనబడుతుంది, ఇప్పుడు కనబడుతుంది అని మెడలు చాచాం. ఇంజను ఒక్కసారిగా గట్టిగా మోగింది, చప్పుడు పైకి పోయింది. “రన్‌వే కనబడలే, మళ్ళొస్తున్న” అంది, బస్సు తప్పిందని చెప్పినంత మామూలుగా. ఆ ఒక్క మాట చాలు పైలట్ అంటే ఎవరో చెప్పడానికి. కిషన్ రావే అయితే ఆశకు పోయి మిల్లు కప్పు మీద దించేవాడు. రెండోసారి వచ్చినప్పుడు మబ్బు అంచు కొద్దిగా లేచింది. చక్రాలు కనబడ్డాయి, రెక్కలు కనబడ్డాయి, తడిసిన రన్‌వే మీద విమానం దిగింది.

కిషన్ రావు దిగి, చక్రం పక్కనే వాంతి చేసుకున్నాడు. సాంబయ్య సేటు పోయి ఆయననే కావలించుకొని, “పిల్లను బతికించినవ్ సారూ!” అన్నాడు. రేడియోలో తన చెవులతో తను విన్నాడు, అయినా అన్నాడు. ఈయన కాదనలేదు. ఆ పిల్ల వానలో తడుస్తూ విమానానికి తాళ్ళు కడుతోంది.

మూడు రోజులు ఆయన గడప దాటలేదు. నాలుగోరోజు తెల్లలాల్చీ వేసుకొని, తోలు జాకెట్ లేకుండా, నుదుట విభూతితో వచ్చాడు. మమ్మల్నందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకొని, ఇన్నాళ్ళూ అబద్ధం బతికాను, ఇక బతకలేను అన్నాడు. శకుంతల కాగితం మీద గురువు రాసే చోట, “ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ నాకు రాదు. ఈమెకు నేను నేర్పలేదు” అని రాసి, సంతకం పెట్టి, పొద్దున్నే రిజిస్టర్ పోస్టులో హైదరాబాదుకు పంపేశాడట. పంపేశాక చెప్తున్నాడు మాకు!

శకుంతల లేచి నిలబడింది.

“సార్, నిజం రాయాల్నంటే మీ లైసెన్సు మీద రాసుకోవాలె గదా? నా కాయితం మీదనా?”

“నా మనసు తేలికైందమ్మా” అన్నాడు.

తేలికైందట! తూ. జన్మలో ఒక్కసారి నిజం చెప్పాడు, అదీ తన జేబులోంచి కాకుండా ఆ పిల్ల జేబులోంచి తీసి దానం చేశాడు. గురువుకు రాని విద్యలో శిష్యురాలి గంటలు చెల్లవని హైదరాబాదు వాళ్ళు ఇరవై గంటలూ కొట్టేశారు. నేను బస్సెక్కి పోయి, ఆ పిల్ల తనంతట తనే నేర్చుకుంది, నా చెవులతో విన్నాను అని చెప్పాను. మీరెవరని అడిగారు. బీకన్ మెకానిక్‌ను అన్నాను. కుర్చీ కూడా చూపించలేదు. ఆగస్టు ముప్పై ఒకటి వచ్చింది, పోయింది.

కిషన్ రావు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. లైసెన్సు మాత్రం ఎవరూ అడగలేదు, ఆయనా ఇవ్వలేదు, ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నాడు. తప్పు ఒప్పుకున్న మహానుభావుడని హనుమకొండలో సభ పెట్టి శాలువా కప్పారు. నాలుగేళ్ళు ఆ శాలువా కప్పుకొనే తిరిగి, మొన్న చైత్రంలో చక్కెర జబ్బుతో పోయాడు. శకుంతల నెక్కొండ హైస్కూల్లో లెక్కలు చెప్తోంది. సంతాప సభకు రాలేదు.

రాజీనామా తరువాత, ఆ సెప్టెంబరులో ఒకసారి ఆ పిల్ల నా షెడ్డుకు వచ్చింది. పుస్తకం ఇంకెవరికైనా పనికొస్తుందేమో ఉంచమని బల్ల మీద పెట్టింది. చాయ్ తెప్పిస్తానంటే వద్దంది. తలుపు దాకా పోయి ఆగింది.

“అన్నా, ఆ రోజు రేడియోల ‘మీకు రాదని నాకెరుక’ అన్నవు. ఎప్పట్నుంచి ఎరుక?”

అబద్ధం చెప్పేందుకు నోరు రాలేదు. “డెబ్బై అయిదు నుంచి” అన్నాను.

ఆ పిల్ల వేళ్ళ మీద లెక్క పెట్టలేదు. లెక్కల మనిషి, అవసరం లేదు.

“స్కాలర్‌షిప్ మొదటి మూడు నెలలల్ల అడిగితే హైదరాబాద్ క్లబ్బుకు మారుస్తుండిరి అన్నా. నేనొచ్చిన మొదటి రోజే నాకు నువ్వు చాయ్ తాపినవ్. అప్పుడే చెప్తే అయిపోతుండె గదా.”